అమెరికాలో డ్రగ్స్ కేసులు, జాతి వివక్ష, జైళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు, అక్కడికి చదువుకు వెళ్ళబోయే విద్యార్థులు, ఏళ్ళ తరబడి అక్కడే స్థిరపడిన మనవాళ్ళు ఈ విషయం మీద ఇంచుమించు అవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట పెట్టడం మేలనిపించింది. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## అందరూ మొదట అడిగేవి

నల్లవాళ్ళు డ్రగ్స్ ఎక్కువ వాడతారు కాబట్టే ఎక్కువ మంది దొరుకుతున్నారు కదా?

కాదు. అమెరికా ప్రభుత్వమే ఏటా దేశవ్యాప్తంగా సర్వే చేయించి, ఎవరు ఏ మత్తుమందు వాడుతున్నారో లెక్క తీస్తుంది. దశాబ్దాలుగా ఆ లెక్కల్లో నల్లజాతీయుల వాడకానికీ తెల్లవారి వాడకానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా అరెస్టుల దగ్గర మొదలవుతుంది.

దీనికి అసలు కారణం డ్రగ్స్ నేరం స్వభావంలోనే ఉంది. దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడు స్టేషన్‌కి వస్తాడు. డ్రగ్స్ విషయంలో కొన్నవాడూ ఫిర్యాదు చేయడు, అమ్మినవాడూ చేయడు. పోలీసులు తామే వెళ్ళి వెతకాలి. ఎక్కడ వెతకాలన్నది వాళ్ళ ఇష్టం. ఎక్కడ వెతికితే అక్కడ దొరుకుతుంది. పెద్ద యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో వెతికినా దొరుకుతుంది, కాని అక్కడ తలుపులు బద్దలుకొట్టి సోదాలు చేయరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా కథ సగం అర్థమైనట్టే.

తేడా అంటే ఎంత తేడా? అంకెల్లో చెప్పండి.

గంజాయి సంగతే చూడండి. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం, గంజాయి దగ్గర పెట్టుకున్నందుకు అరెస్టయ్యే అవకాశం తెల్లవారితో పోలిస్తే నల్లజాతీయులకు 3.64 రెట్లు ఎక్కువ. ఇది దేశం మొత్తం సగటు. మోంటానా, కెంటకీ లాంటి రాష్ట్రాల్లో 9 రెట్లు దాటింది. అదే సంస్థ 2013లో లెక్క తీసినప్పుడు దేశం సగటు 3.73 రెట్లు. అంటే మధ్యలో చాలా రాష్ట్రాలు గంజాయి చట్టాలు సడలించినా నిష్పత్తి దాదాపు కదల్లేదు.

జైళ్ళలో చూస్తే, జనాభాలో సుమారు 14 శాతం ఉన్న నల్లజాతీయులు శిక్ష పడిన ఖైదీల్లో దాదాపు మూడోవంతు ఉన్నారు.

అమెరికా జైళ్ళు నిండిపోయింది డ్రగ్స్ కేసుల వల్లేనా?

పూర్తిగా కాదు. ఈ మాట చాలామంది తప్పుగా చెబుతుంటారు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ జైళ్ళలో 40 శాతానికి పైగా డ్రగ్స్ ఖైదీలే. కాని అమెరికా ఖైదీల్లో ఎక్కువమంది ఉండేది రాష్ట్రాల జైళ్ళలో. అక్కడ డ్రగ్స్ ప్రధాన నేరంగా శిక్ష అనుభవిస్తున్నవారు సుమారు ఏడోవంతే, ఎక్కువమంది హింసాత్మక నేరాల్లో ఉన్నవాళ్ళు.

అలాగని డ్రగ్స్ చట్టాల పాత్ర చిన్నదనుకోకూడదు. 2006లో ఒక్క ఏడాదిలో డ్రగ్స్ అరెస్టులు 18 లక్షలు దాటాయి. అందరూ పెద్ద జైలుకు వెళ్ళలేదు, కాని ప్రతివారికీ రికార్డు మిగిలింది. రేపు ఇంకో కేసు వస్తే శిక్ష పెరిగేది ఆ రికార్డు చూసే.

## చట్టాలు ఎలా వచ్చాయి

డ్రగ్స్ మీద యుద్ధం మొదలుపెట్టింది నిక్సనేనా?

యుద్ధమన్న ప్రకటన ఆయన కాలానిదే. 1971 జూన్‌లో మత్తుమందుల వాడకాన్ని దేశానికి మొదటి నంబరు శత్రువుగా అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించాడు. కాని చట్టాన్ని ఒక జాతి మీదికి తిప్పడం అంతకు దాదాపు వందేళ్ళ ముందే మొదలైంది. 1875లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నల్లమందు పీల్చే అడ్డాలను నిషేధించింది. నల్లమందు కలిపిన మందులు అప్పట్లో ఇంటింటా ఉండేవి, అమెరికన్ గృహిణులు సీసాలకు సీసాలు తాగేవాళ్ళు. వాటి జోలికి వెళ్ళలేదు. చైనా కూలీలు పీల్చే పద్ధతి మాత్రమే నేరమైంది.

1914లో నల్లమందు, కొకైన్ అమ్మకాలను అదుపుచేసే హారిసన్ చట్టం వచ్చే నాటికి, కొకైన్ తీసుకున్న నల్లవాళ్ళకు ఒళ్ళు తెలియని బలం వస్తుందని పత్రికలు భయం పుట్టించాయి. 1937 గంజాయి చట్టానికి ముందు ఆ వేలు మెక్సికన్ల వైపు తిరిగింది. అప్పటి ఫెడరల్ మత్తుమందుల శాఖ అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ ఆ ప్రచారాన్ని దగ్గరుండి నడిపించాడు. మందు మారింది, జాతి మారింది, పద్ధతి మారలేదు.

గంజాయి నిషేధానికి ఇండియన్ల పేరు కూడా వాడుకున్నారట, నిజమా?

నిజమే. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. 1911లో కాలిఫోర్నియా ఫార్మసీ బోర్డులో ఉన్న హెన్రీ ఫింగర్ వాషింగ్టన్ అధికారికి ఉత్తరం రాస్తూ, రాష్ట్రంలోకి హిందువులు పెద్దసంఖ్యలో వస్తున్నారనీ, వాళ్ళ వల్ల గంజాయికి గిరాకీ పెరుగుతోందనీ ఫిర్యాదు చేశాడు. 1913లో కాలిఫోర్నియా గంజాయిని నిషేధించింది. అప్పట్లో అక్కడ ఇండియా నుంచి వచ్చినవాళ్ళు కొద్ది వేల మంది. ఎక్కువమంది పంజాబీ సిక్కులు, పొలాల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. ఆ కాలంలో అమెరికన్లు ఏ మతం వాళ్ళనైనా హిందువులనే పిలిచేవారు.

క్రాక్, కొకైన్ రెండూ ఒకటే అంటారు. మరి శిక్షలో 100 రెట్ల తేడా ఎందుకు పెట్టారు?

మందు ఒకటే. కొకైన్ పొడిని నీళ్ళలో కలిపి, వంటసోడా వేసి వేడిచేస్తే గట్టిపడి పలుకులుగా తయారవుతుంది. అదే క్రాక్. పొగగా పీలుస్తారు కాబట్టి మత్తు క్షణాల్లో ఎక్కి త్వరగా దిగిపోతుంది. పొడి ఖరీదైనది. క్రాక్ పలుకు 1980లలో అయిదు, పది డాలర్లకే దొరికేది. అందువల్ల పొడి డబ్బున్నవారి పార్టీల్లో, క్రాక్ పేదల వీధుల్లో కనిపించేవి.

1986 జూన్‌లో లెన్ బయాస్ అనే నల్లజాతి బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కొకైన్ వికటించి చనిపోయాడు. బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంపిక చేసుకుని రెండు రోజులే అయింది. అతని ప్రాణం తీసింది క్రాక్ అని దేశమంతా అనుకుంది, అది పొడి అని తర్వాత తేలింది. ఎన్నికల ఏడాది కావడంతో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, నిపుణుల మాట సరిగా వినకుండానే కొద్ది నెలల్లో చట్టం చేసేసింది. దాని ప్రకారం 5 గ్రాముల క్రాక్ అమ్మితే కనీసం 5 ఏళ్ళు. అంటే చిన్న చెంచాడు పంచదారంత బరువు. అదే 5 ఏళ్ళు పొడి విషయంలో పడాలంటే 500 గ్రాములు ఉండాలి. 1988లో ఇంకో అడుగు వేసి, అమ్మకపోయినా, 5 గ్రాములకు మించి క్రాక్ దగ్గరుంటే చాలు 5 ఏళ్ళు అన్నారు.

చట్టంలో జాతి మాట ఎక్కడా లేదు. ఆ రోజుల సర్వేల్లో క్రాక్ వాడేవారిలో సగానికి పైగా తెల్లవారే. అయినా 2006లో ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్షపడిన ప్రతి పదిమందిలో ఎనిమిది మంది నల్లజాతీయులు. పొడి తెచ్చి అమ్మిన టోకు వ్యాపారి కంటే, దాన్ని క్రాక్‌గా మార్చి వీధి చివర అమ్మిన కుర్రవాడికి పెద్ద శిక్ష పడిన కేసులున్నాయి. రెండింటికీ ఒకే శిక్ష పెట్టమని, ఫెడరల్ కోర్టుల శిక్షలకు మార్గదర్శకాలు తయారుచేసే శిక్షల కమిషన్ 1995లో సిఫార్సు చేసింది. కాంగ్రెస్ తోసిపుచ్చింది.

ఆ చట్టాన్ని నల్లజాతి నాయకులే సమర్థించారు కదా? ఇప్పుడు వివక్ష అంటే ఎలా?

కొందరు సమర్థించారు, దాచాల్సిన పని లేదు. న్యూయార్క్ హార్లెమ్ ప్రతినిధి చార్లెస్ రేంజెల్ అప్పట్లో కాంగ్రెస్ మత్తుమందుల కమిటీకి అధ్యక్షుడు, గట్టి చర్యలు కోరినవాడు. తమ వీధుల్లో కాల్పులు జరుగుతుంటే, పిల్లలు పాడైపోతుంటే ఏ నాయకుడైనా ఏదో ఒకటి చేయమనే అంటాడు.

అయితే ఆ నాయకుల్లో చాలామంది పోలీసులతో పాటు వైద్యం, ఉద్యోగాలు, బడులు కూడా అడిగారు. వచ్చింది పోలీసులు, జైళ్ళు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఫలితం కళ్ళముందు కనబడింది. చట్టాన్ని మార్చాలని పోరాడినవారిలో అప్పటి సమర్థకులే చాలామంది ఉన్నారు. ఎవరు ఓటు వేశారన్నదాన్ని బట్టి చట్టం న్యాయమైనది అయిపోదు.

## వీధిలో, రోడ్డు మీద

కారు ఆపడానికి పోలీసులకు కారణం ఉండాలి కదా? ఊరికే ఎలా ఆపుతారు?

కారణం ఉండాలి, కాని దొరకడం చాలా తేలిక. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెన్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. వాషింగ్టన్ డీసీలో ఇద్దరు నల్లజాతి యువకుల కారు ఒక స్టాప్ సైన్ దగ్గర ఇరవై సెకన్ల పైన ఆగింది. మఫ్టీలో ఉన్న డ్రగ్స్ పోలీసులు అనుమానపడి వెనక్కి తిరిగారు. కారు సిగ్నల్ ఇవ్వకుండా మలుపు తిరిగింది. ఆపి చూస్తే క్రాక్ దొరికింది. ట్రాఫిక్ తప్పు నెపం మాత్రమేనని నిందితులు వాదించారు. ట్రాఫిక్ తప్పంటూ ఒకటి జరిగినప్పుడు పోలీసు మనసులో ఏముందో తమకు అక్కర్లేదని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

కారు నడిపే ప్రతివారూ రోజుకు ఏదో ఒక చిన్న తప్పు చేస్తారు. కాబట్టి ఎవరినైనా ఆపవచ్చు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ స్టాప్‌లు పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. చీకటి పడ్డాక, అంటే డ్రైవరు ముఖం కనబడనప్పుడు, ఆపినవారిలో నల్లజాతీయుల వాటా తగ్గింది. సోదా చేయడానికి కూడా వారి విషయంలో కొద్దిపాటి అనుమానం సరిపోతోందని తేలింది.

అమ్మకాలు ఎక్కడ జరిగితే పోలీసులు అక్కడికే వెళ్తారు. అందులో తప్పేముంది?

వినడానికి సబబుగానే ఉంటుంది. సియాటిల్ నగరంలో దీన్ని పరీక్షించి చూశారు. వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన కేథరిన్ బెకెట్ బృందం 2000ల మొదట్లో ఎవరు అమ్ముతున్నారు, ఎవరు అరెస్టవుతున్నారు అని పోల్చింది. ఆ నగరంలో క్రాక్ మినహా మిగతా ప్రధాన మత్తుమందులు అమ్మేవారిలో ఎక్కువమంది తెల్లవారు. అరెస్టయినవారిలో ఎక్కువమంది నల్లజాతీయులు. బహిరంగంగా అమ్మడం, జనం ఫిర్యాదులు, నేరాల సంఖ్య ఇలా ఏ కారణం పెట్టి చూసినా తేడా పూర్తిగా పూడలేదు. పోలీసుల దృష్టి అంతా క్రాక్ మీదే ఉండటం అసలు కారణమని తేల్చారు.

న్యూయార్క్‌లో నడిచి వెళ్ళేవారిని ఆపి జేబులు తడిమే పద్ధతి ఉండేది. 2011లో ఒక్క ఏడాదిలో 6,85,724 సార్లు ఆపారు. పదిమందిలో ఎనిమిది మందికి పైగా నల్లజాతీయులు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు). పదిసార్లలో దాదాపు తొమ్మిది సార్లు ఏమీ దొరకక వదిలేశారు. 2013లో జడ్జి షీరా షైండ్లిన్ ఆ పద్ధతి అమలైన తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు.

స్కూలు దగ్గర డ్రగ్స్ అమ్మేవాడికి ఎక్కువ శిక్ష వేయడం మంచిదే కదా?

ఉద్దేశం మంచిదే. న్యూజెర్సీలో ఏం జరిగిందో చూడండి. స్కూలు నుంచి 1000 అడుగుల లోపు అమ్మితే తప్పనిసరి జైలు అని 1987లో చట్టం చేశారు. నెవార్క్ లాంటి కిక్కిరిసిన నగరంలో అడుగడుగునా బడులే కాబట్టి, ప్రతి బడి చుట్టూ 1000 అడుగుల గీత గీస్తే నగరంలో దాదాపు నాలుగింట మూడు వంతులు అందులోకి వచ్చేసింది. బడులు దూరదూరంగా ఉండే శివారు పట్టణాల్లో ఆ గీతలో పడే భాగం చాలా తక్కువ. ఒకే నేరానికి నెవార్క్ కుర్రవాడికి ఒక శిక్ష, శివారు కుర్రవాడికి ఇంకో శిక్ష. అర్ధరాత్రి బడి మూసి ఉన్నా సరే.

రాష్ట్రం నియమించిన కమిషన్ 2005లో లెక్క చూస్తే, ఈ చట్టం కింద జైల్లో ఉన్నవారిలో 96 శాతం నల్లజాతీయులు, లాటినోలు. గీత వల్ల పిల్లలకు అదనపు రక్షణ కూడా దొరకలేదు, ఎందుకంటే నగరమంతా ఆ గీత లోపలే ఉంటే అమ్మేవాడు బడికి దూరంగా జరగడానికి కారణమే ఉండదు. 2010లో జడ్జీలకు విచక్షణ ఇస్తూ చట్టాన్ని సవరించారు.

ఒక్క పోలీసు మాట మీద ఊళ్ళో నల్లవాళ్ళందరినీ పట్టుకెళ్ళారట. నిజంగా జరిగిందా?

అందరినీ కాదు గాని, పెద్దవాళ్ళలో చెప్పుకోదగ్గ వంతును తీసుకుపోయారు. టెక్సాస్‌లో టులియా అనే ఊరు, జనాభా 5 వేలు. 1999 జులై 23 తెల్లవారుజామున పోలీసులు ఇళ్ళ మీద పడి, కొందరిని పక్కల మీంచే లేపి తీసుకెళ్ళారు. మొత్తం 46 మంది మీద కేసులు. వారిలో 39 మంది నల్లజాతీయులు, మిగతావారిలోనూ చాలామంది వారితో స్నేహమో సంబంధమో ఉన్నవాళ్ళు. సోదాల్లో డ్రగ్స్ గాని, డబ్బు గాని, ఆయుధాలు గాని దొరకలేదు.

సాక్ష్యమంతా టామ్ కోల్‌మన్ అనే ఒకే ఒక్క మారువేషం పోలీసు మాట. ఆడియో రికార్డింగు లేదు, వీడియో లేదు, తోడు సాక్షి లేడు. కొన్నప్పుడు వివరాలు తన కాలి మీద రాసుకునేవాణ్ణని అతను చెప్పాడు. ఆ మాట మీదే కోర్టు ఒకతనికి 90 ఏళ్ళు వేసింది. అది చూసి భయపడి, మిగతావాళ్ళలో చాలామంది చేయని నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడాలనుకున్నారు. ఒకామె మీద కేసు మాత్రం నిలవలేదు. ఆమె డ్రగ్స్ అమ్మిందని చెప్పిన రోజున ఆమె వేరే రాష్ట్రంలోని బ్యాంకులో చెక్కు మార్చుకున్నట్టు రికార్డు దొరికింది.

ఆ ఏడాది కోల్‌మన్‌కు టెక్సాస్‌లో ఉత్తమ అధికారి పురస్కారం ఇచ్చారు. 2003లో గవర్నర్ రిక్ పెర్రీ 35 మందికి క్షమాభిక్ష ప్రసాదించాడు. 2005లో కోల్‌మన్ అబద్ధపు సాక్ష్యం నేరం కింద దోషిగా తేలాడు, అతనికి ప్రొబేషన్ (జైలు లేకుండా కోర్టు నిఘాలో ఉండటం) మాత్రమే పడింది. నాలుగేళ్ళు జైల్లో ఉన్నవాళ్ళ పిల్లలు ఆ నాలుగేళ్ళూ ఎవరి ఇంట్లో పెరిగారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

## కోర్టులో

పోలీసులు పక్షపాతం చూపినా, జడ్జి సరిచేయొచ్చు కదా?

చాలా కేసుల్లో జడ్జి చేతులు కట్టేసి ఉంటాయి. కనీస శిక్ష చట్టంలోనే రాసి ఉంటే, ఎంత జాలి కలిగినా జడ్జి దానికంటే తగ్గించలేడు. అలా రాసి ఉన్నప్పుడు అసలు అధికారం ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటర్‌ది. ఎంత బరువు చూపాలి, పాత కేసును లెక్కలోకి తేవాలా, కుట్ర కింద పెట్టాలా అన్నవి ఆయన తన ఆఫీసులో తేల్చుకుంటాడు. బయటివారికి కారణం చెప్పనక్కర్లేదు.

కెంబా స్మిత్ కేసు చూడండి. వర్జీనియాలో కాలేజీ చదువుతున్న నల్లజాతి అమ్మాయి. ఆమె ప్రియుడు డ్రగ్స్ ముఠా నాయకుడు, ఆమెను కొట్టి భయపెట్టేవాడు. ఆమె స్వయంగా డ్రగ్స్ అమ్మలేదు. కుట్ర సెక్షన్ కింద ముఠా మొత్తం అమ్మిన క్రాక్ బరువు ఆమె లెక్కలో వేశారు. మొదటి నేరం, లొంగిపోయే నాటికి గర్భవతి. పడిన శిక్ష 24 ఏళ్ళ 6 నెలలు. 2000 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ శిక్ష తగ్గించాక విడుదలైంది. 2025 జనవరిలో బైడెన్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు.

శిక్షల కమిషన్ సొంత లెక్క ప్రకారం, 2017 నుంచి 2021 వరకు ఫెడరల్ కోర్టుల్లో నేర చరిత్ర లాంటి అంశాలు సమానం చేసి చూసినా నల్లజాతి పురుషులకు తెల్ల పురుషుల కంటే 13.4 శాతం ఎక్కువ శిక్ష పడింది.

తప్పు చేయనివాడు చేశానని ఎందుకు ఒప్పుకుంటాడు?

బేరం అలా ఉంటుంది కాబట్టి. ఒప్పుకుంటే రెండేళ్ళు, విచారణకు వెళ్ళి ఓడిపోతే పదేళ్ళు అని ప్రాసిక్యూటర్ ముందే చెబుతాడు. బెయిలు డబ్బు కట్టలేనివాడు జైల్లో ఉండే ఈ నిర్ణయం తీసుకోవాలి. బయట ఉద్యోగం పోతోంది, ఇంటి అద్దె బాకీ పెరుగుతోంది, పిల్లలెవరి దగ్గరున్నారో తెలియదు. ఈరోజే సంతకం పెడితే ప్రొబేషన్ మీద ఇంటికి వెళ్ళొచ్చు అన్నప్పుడు ఎంతమంది కాదనగలరు?

ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం ఇలా ఒప్పుకున్నవే. సినిమాల్లో చూపించే జ్యూరీ విచారణ నిజ జీవితంలో అరుదు.

అంకెల్లో వివక్ష ఇంత స్పష్టంగా ఉంటే సుప్రీంకోర్టు కొట్టేయదా?

అంకెలు చాలవు అంటుంది సుప్రీంకోర్టు. 1987లో మెక్లెస్కీ కేసులో, అది మరణశిక్షకు సంబంధించినది, గణాంకాలు ఎంత బలంగా ఉన్నా ఫలానా కేసులో ఫలానా అధికారి కావాలని వివక్ష చూపాడని నిరూపించాలని 5-4 తేడాతో తేల్చింది. 1996లో ఆర్మ్‌స్ట్రాంగ్ కేసు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో పేద నిందితుల తరఫున వాదించే ఫెడరల్ డిఫెండర్ల ఆఫీసు 1991లో ముగించిన 24 క్రాక్ కేసుల్లో నిందితులందరూ నల్లవారే. కనీసం ప్రాసిక్యూషన్ ఫైళ్ళు చూపించమని నిందితుల లాయర్లు అడిగారు. అలాంటి నేరమే చేసిన తెల్లవాళ్ళను వదిలేశారని ముందు మీరే చూపించండి అంది కోర్టు. ఫైళ్ళు వాళ్ళ దగ్గర, రుజువు చేయాల్సింది వీళ్ళు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన తీర్పు ఇది.

ఒక రాష్ట్రం మాత్రం వేరే దారి పట్టింది. మినెసోటా సుప్రీంకోర్టు 1991లో రసెల్ కేసులో, క్రాక్‌కు ఎక్కువ, పొడికి తక్కువ శిక్ష వేసే తమ రాష్ట్ర చట్టాన్ని రాష్ట్ర రాజ్యాంగం కింద కొట్టేసింది. 1988లో అక్కడ క్రాక్ నిందితుల్లో 96.6 శాతం నల్లజాతీయులు, పొడి నిందితుల్లో 79.6 శాతం తెల్లవారు. తర్వాత శాసనసభ సమానం చేసింది, కాని క్రాక్ శిక్ష తగ్గించి కాదు, పొడి శిక్ష పెంచి.

## శిక్ష పూర్తయ్యాక

శిక్ష అనుభవించాక మళ్ళీ మామూలు జీవితం గడపొచ్చు కదా?

ఉద్యోగం దగ్గరే దారి మూసుకుపోతుంది. సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ మిల్వాకీ నగరంలో ఒక పరీక్ష చేసి 2003లో ప్రచురించారు. ఒకేలాంటి చదువు, మాటతీరు ఉన్న యువకులను చిన్న ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టించారు. కొందరు కొకైన్ కేసులో 18 నెలలు జైల్లో ఉన్నట్టు రాశారు. జైలు రికార్డు లేని తెల్లవారిలో 34 శాతానికి పిలుపు వచ్చింది, రికార్డు ఉన్నవారిలో 17 శాతానికి. రికార్డు లేని నల్లవారికి 14 శాతం, ఉన్నవారికి 5 శాతం. డ్రగ్స్ కేసులో జైలుకెళ్ళొచ్చిన తెల్లవాడికి ఉన్నపాటి అవకాశం కూడా ఏ తప్పూ చేయని నల్లవాడికి లేదు.

దీనికి తోడు 1996 సంక్షేమ చట్టం డ్రగ్స్ ఫెలనీ (పెద్ద నేరం) ఉన్నవారికి ఆహార సాయం జీవితాంతం ఆపేసింది. హత్య కేసులో జైలుకెళ్ళొచ్చినవారికి ఆ నిషేధం లేదు. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని ఎత్తేశాయి, సడలించాయి.

ఓటు హక్కు కూడా పోతుందా?

రాష్ట్రాన్ని బట్టి. మెయిన్, వెర్మాంట్, వాషింగ్టన్ డీసీలో జైల్లో ఉన్నా ఓటు వేయొచ్చు. మిగతాచోట్ల జైల్లో ఉన్నంతకాలం పోతుంది, కొన్నిచోట్ల విడుదలయ్యాక కూడా తిరిగి రాదు. 2024 ఎన్నికల నాటికి సుమారు 40 లక్షల మంది ఇలా ఓటు కోల్పోయారు. నల్లజాతి వయోజనుల్లో 22 మందిలో ఒకరు.

## మారింది, మారనిది

ఇప్పుడు పరిస్థితి మెరుగైంది కదా? ఇంకా పాత కథలెందుకు?

మెరుగైంది, ఒప్పుకోవాలి. డ్రగ్స్ నేరాల్లో రాష్ట్ర జైళ్ళకు వెళ్ళే నల్ల, తెల్లవారి నిష్పత్తి 2000లో 15కి 1 ఉండగా, 2016కి దాదాపు 5కి 1 అయింది. 2010లో ఒబామా సంతకం చేసిన చట్టం క్రాక్, పొడి తేడాను 100 రెట్ల నుంచి 18 రెట్లకు తగ్గించింది. 2018లో ట్రంప్ సంతకం చేసిన ఫస్ట్ స్టెప్ చట్టం పాత ఖైదీలకూ ఆ వెసులుబాటు ఇచ్చింది. 2025 జనవరిలో బైడెన్ దాదాపు 2,500 మంది డ్రగ్స్ ఖైదీల శిక్షలు ఒకేసారి తగ్గించాడు.

కాని 18 రెట్లు ఎందుకు? శాస్త్రం ప్రకారం ఒకటికి ఒకటే ఉండాలి. 2021లో అలా చేసే బిల్లుకు ప్రతినిధుల సభలో 361 ఓట్లు వచ్చాయి, రెండు పార్టీలూ మద్దతిచ్చాయి. సెనేట్‌లో ఆగిపోయింది. తప్పని తెలిసి కూడా 18 రెట్ల దగ్గర రాజీపడటం నాకు మింగుడుపడదు.

గంజాయి చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమైంది. ఇక సమస్యేముంది?

24 రాష్ట్రాల్లో, వాషింగ్టన్ డీసీలో పెద్దవాళ్ళు వాడటం నేరం కాదు. అరెస్టులు బాగా తగ్గాయి. అయినా 2023లో దేశమంతా కలిపి 2 లక్షలకు పైగా గంజాయి అరెస్టులు జరిగాయి. చట్టబద్ధమైన రాష్ట్రాల్లో కూడా మిగిలిన కొద్ది అరెస్టుల్లో జాతి తేడా పోలేదు. పాత రికార్డులు చెరిపేసే పని కొన్ని రాష్ట్రాలు గట్టిగా చేశాయి. మేరీల్యాండ్ గవర్నర్ వెస్ మూర్ 2024 జూన్‌లో 1,75,000కు పైగా గంజాయి శిక్షలకు ఒక్క సంతకంతో క్షమాభిక్ష ఇచ్చాడు.

నొప్పి మాత్రలకు, హెరాయిన్‌కు అలవాటుపడినవారి మీద అంత సానుభూతి ఎందుకు? క్రాక్ రోజుల్లో అది లేదే?

ఈ ప్రశ్న నల్లజాతి కుటుంబాలు పదేళ్ళుగా అడుగుతున్నాయి. 2010ల ఓపియాయిడ్ (నొప్పి మాత్రలు, హెరాయిన్ తరహా మందులు) సంక్షోభంలో మొదట కనిపించిన ముఖాలు గ్రామీణ, శివారు తెల్లవారివి. అది జబ్బు అన్నారు, 2016లో కాంగ్రెస్ వైద్యానికి చట్టం చేసింది. అది సరైన పనే. 1986లో అదే పని చేసి ఉండాల్సింది.

2020 నుంచి ఓవర్‌డోస్ మరణాల రేటు నల్లజాతీయుల్లో తెల్లవారిని దాటింది. ఇదే సమయంలో మాట మళ్ళీ శిక్షల వైపు తిరుగుతోంది. డ్రగ్స్ దగ్గరుంచుకోవడం నేరం కాదన్న ఓరెగాన్ రాష్ట్రం 2024లో వెనక్కి తగ్గింది. 2025 జులైలో ఫెంటానిల్ అనే చాలా బలమైన కృత్రిమ ఓపియాయిడ్ తరహా మందులకు కనీస శిక్షలు వర్తింపజేసే చట్టం వచ్చింది.

## మనవాళ్ళు అడిగేవి

మా అబ్బాయి న్యూజెర్సీలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ గంజాయి చట్టబద్ధమేనట. భయం లేదు కదండీ?

ఉందండీ. వీసా వ్యవహారం ఫెడరల్ చట్టం కింద నడుస్తుంది, ఆ చట్టం దృష్టిలో గంజాయి ఇంకా నియంత్రిత పదార్థమే. షాపులో రసీదు తీసుకుని కొన్నా, ఇమిగ్రేషన్ అధికారి ముందు వాడానని ఒప్పుకుంటే అదే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. గంజాయి కంపెనీలో ఉద్యోగం కూడా ఇబ్బందే. ఫోన్లో ఫొటోలు, మెసేజ్‌లు సరిహద్దు దగ్గర తెరిచి చూసే అధికారం వాళ్ళకు ఉంది. బైడెన్ 2022లో ఇచ్చిన గంజాయి క్షమాభిక్ష కూడా అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నవారికి వర్తించలేదు. అబ్బాయితో గట్టిగా చెప్పండి: పౌరసత్వం వచ్చేదాకా దాని జోలికి పోవద్దు.

దొరికితే తప్పు ఒప్పుకుని ఫైను కట్టేస్తే అయిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

చాలా ప్రమాదకరమైన సలహా. పౌరుడికి అది చిన్న కేసే. విదేశీయుడికి డ్రగ్స్ నేరం ఏదైనా దేశం నుంచి పంపేయడానికి కారణం కాగలదు. సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకు తక్కువ గంజాయి ఒకే ఒక్కసారి దొరికిన కేసుకు మాత్రం మినహాయింపు ఉంది. అది కూడా దేశం దాటి తిరిగి వచ్చేటప్పుడు ఆదుకోకపోవచ్చు. రాష్ట్రం రికార్డు చెరిపేసినా ఇమిగ్రేషన్ లెక్కలో చాలాసార్లు శిక్ష అలాగే ఉంటుంది.

2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. నేరం ఒప్పుకునే ముందు దేశం నుంచి పంపేసే ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అంది. అందుకని లాయరుతో మొదటి మాటే మీ వీసా ఏమిటో చెప్పండి, ఇమిగ్రేషన్ లాయర్ని కూడా అడగకుండా దేనిమీదా సంతకం పెట్టవద్దు. పోలీసులతో మర్యాదగా ఉండి, లాయరు వచ్చేదాకా మాట్లాడనని చెప్పే హక్కు మీకు ఉంది.

ఇది వాళ్ళ వాళ్ళ గొడవ. మనం ఉద్యోగం చేసుకుని బతకడానికి వచ్చాం. మనకెందుకండీ?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చర్మం రంగు చూసి రావద్దనే వలస చట్టం 1965లో మారబట్టే మనం ఇక్కడికి రాగలిగాం. ఆ మార్పుకు వాతావరణం తెచ్చింది నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమం. డ్రగ్స్ చట్టం ఇవాళ ఎవరి మీద పడుతోందో వాళ్ళ పూర్వీకుల పోరాటం మనకు పనికొచ్చింది.

మనవాళ్ళ ఇళ్ళలో నల్లజాతి పొరుగువారి గురించి పిల్లల ముందు అనే మాటలు కూడా నాకు తెలుసు. "ఆ ఏరియాకి వెళ్ళకు, వాళ్ళంతా డ్రగ్స్ బ్యాచ్" అంటాం. వాడకంలో తేడా లేదని ప్రభుత్వ సర్వేలే చెబుతుంటే, అరెస్టు ఫొటోలు చూసి ఏర్పరచుకున్న అభిప్రాయం అది. ముందు ఆ మాట మానేయొచ్చు.

పౌరసత్వం వచ్చింది. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

రెండు ఉన్నాయి. మొదటిది జ్యూరీ. పిలుపు ఉత్తరం వస్తే ఆఫీసు పని సాకు పెట్టి తప్పించుకోవద్దు. సందేహం మిగిలితే నిర్దోషి అనడానికి పన్నెండు మందిలో ఒక్కరు పట్టుబట్టినా శిక్ష ఆగుతుంది. టులియాలో అలాంటి వారు లేకపోయారు.

రెండోది ప్రాసిక్యూటర్ ఎన్నిక. టెక్సాస్, కాలిఫోర్నియా సహా చాలా రాష్ట్రాల్లో డిస్ట్రిక్ట్ అటార్నీని, అంటే స్థానిక ప్రాసిక్యూటర్‌ను, నాలుగేళ్ళకోసారి ఓటర్లే ఎన్నుకుంటారు. బ్యాలెట్‌లో అడుగున ఉంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఏ కేసు పెట్టాలో, ఎవరిని చికిత్సకు పంపాలో తేల్చేది ఆ మనిషే. న్యూజెర్సీలో మాత్రం ఎన్నిక ఉండదు, కౌంటీ ప్రాసిక్యూటర్లను గవర్నర్ ప్రతిపాదిస్తే రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. కాబట్టి ఎడిసన్‌లో ఉన్నవారు ఈ ప్రశ్న అడగాల్సింది గవర్నర్ అభ్యర్థినీ, తమ రాష్ట్ర సెనేటర్‌నీ.